పూజగది గుమ్మం మీద మట్టి గీత

ప్రశ్న: సార్, మాది కావలి. మా మామగారు కట్టించిన ఇల్లు, ఇరవై రెండేళ్లయింది. దీపావళి వానల తరవాత పూజగది గుమ్మం పక్కన గోడ మూలన, నేల నుంచి మట్టి గీత ఒకటి పైకి పాకింది. తడిగుడ్డతో తుడిచేశాను. నాలుగు రోజులకు మళ్లీ వచ్చింది. మా అత్తమ్మ "కార్తీకంలో ఇంట్లోకి పుట్టమన్ను వస్తే మంచిదే, గెలకొద్దు" అంటుంది. మా ఆయన కిరసనాయిలు పోస్తానంటున్నారు. మొన్న వాన వెలిసిన సాయంత్రం హాల్లో ట్యూబ్‌లైట్ చుట్టూ ఉసుళ్లు కమ్ముకున్నాయి, తెల్లారి చూస్తే కిటికీ కింద రెక్కలు. పడగ్గదిలో పాత మంచం కింద సన్నటి పొడి కూడా రాలుతోంది. పెస్ట్ కంట్రోల్ అతను వచ్చి, ఇల్లంతా చెద పట్టింది, నలభై వేలవుతుంది, మంచం కూడా అందులోనే కలిపి చేసేస్తానన్నాడు. వడ్రంగేమో ముందు గుమ్మం మార్చమంటున్నాడు. పూజగది వెనక గోడకే బాత్‌రూమ్ ఉంది. ఇంట్లో రెండేళ్ల పాప. చాలా టెన్షన్‌గా ఉంది. ముందు ఏం చేయాలి?
– ఒక గృహిణి, కావలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మూడు వేరువేరు సంగతులున్నాయి. గుమ్మం దగ్గర మట్టి గీత, లైటు చుట్టూ ఉసుళ్లు, మంచం కింద పొడి. పెస్ట్ కంట్రోల్ అతను మూడింటినీ ఒకే మూట కట్టి ఒకే ధర చెప్పాడు. నాకలా అనిపించడం లేదు. మొదటిది చెదే, అందులో అనుమానం లేదు. రెండోది మీ ఇంటి చెదది కావచ్చు, వీధి చివర పుట్టది కావచ్చు. మూడోది చాలావరకు నేల చెద, అంటే మట్టిలో గూడు కట్టే చెద, పని కాదు. దేనిది దానికి విడదీసుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది, ఖర్చు కూడా తగ్గొచ్చు.

ముందు ఒక్క పని మానేయండి. ఆ గీత తుడవొద్దు.

చెదపురుగు ఒళ్లు మెత్తన, పలచన. గాలికి ఎండిపోతుంది, వెలుతురు గిట్టదు. చెక్క కొరికే కూలిపురుగులకు కళ్లు కూడా ఉండవు. అందుకే నేలలోని గూటి నుంచి చెక్క దాకా మట్టీ, ఉమ్మీ, తన పెంటా కలిపి పెన్సిలంత లావున పైకప్పున్న దారి కట్టుకుని, దాని లోపలే నడుస్తుంది. మీరు తుడిచింది ఆ దారిని. గూడు మీ ఇంటి నేల కిందో, బాత్‌రూమ్ గోడ అవతలి మట్టిలోనో భద్రంగా ఉంది. మన వైపు పుట్టలు పెట్టే ఓడొంటోటెర్మిస్ జాతి చెద అయితే, తిన్న చెక్కను గూటిలో పెంటగా పేర్చి, దాని మీద ఒక రకం బూజు పెంచి, దాన్ని తింటుంది. రాణి, గుడ్లు, పిల్లలు, ఆ బూజు మడులు అన్నీ మట్టిలోనే. గుమ్మంలో దొరికేవి కూలికి వచ్చినవి మాత్రమే. వాటిని ఎన్నిసార్లు చంపినా గూట్లో మళ్లీ పుడుతూనే ఉంటాయి. చెద గురించి మిగతాది ఏం మర్చిపోయినా ఇది గుర్తుంచుకోండి. మీకు కనిపించే చోటు దాని భోజనం చోటు, దాని ఇల్లు కాదు. వైద్యం చేయాల్సింది నేలకి.

మీ అత్తగారి మాట కొట్టిపారేయకండి. నాగుల చవితికి మనం పాలు పోసే పుట్ట కట్టింది చెదలే, పాము తరవాత వచ్చి దూరుతుంది. పొలం గట్టున దాని పని దానికుంది. రాలిన ఆకునీ ఎండిన పుల్లనీ తిరిగి మట్టిలో కలిపేది అదే. అయితే ఇంట్లో పాకిన గీత పుట్ట కాదనీ, అది తీసినంత మాత్రాన పుట్ట పడగొట్టినట్టు కాదనీ ఆమెకి చెప్పండి. ఆ మాట అటుంచితే "గెలకొద్దు" అన్నది ఇప్పటికి సరైన సలహానే. గీత ఉంటేనే చెద ఎటు నుంచి ఎటు పోతోందో తెలుస్తుంది. గుమ్మం శుభ్రంగా కనపడాలని మనం తుడిచేస్తాం, తరవాత వచ్చినవాడికి ఆనవాలే దొరకదు.

గీత మధ్యలో ఒక అంగుళం మేర స్పూన్‌తో గీరేయండి. పైభాగం, కిందిభాగం అలాగే ఉంచండి. పక్కనే గోడ మీద పెన్సిల్‌తో తేదీ వేయండి. గీరగానే లోపల తెల్లటి పురుగులు కదిలితే పరీక్ష అక్కడితో అయిపోయింది. కదలకపోతే మూడు నాలుగు రోజులు ఆగండి. గండి పూడిందంటే దారి నడుస్తోంది. మీరు తుడిచాక మళ్లీ వచ్చిందన్నారు కాబట్టి మీది నడుస్తున్న దారే. ఇంకెక్కడైనా ఇలాంటి గీతలు కనిపిస్తే వాటికీ ఇదే పరీక్ష పెట్టండి. కొత్త మట్టి కొంచెం తడిగా, ముదురు రంగులో ఉంటుంది. పాతది వేలు తగిలితే చాలు పొడిపొడిగా రాలిపోతుంది. గండి పూడలేదని చెద పోయిందనుకోవద్దు. ఆ దారి వదిలేసి గోడ లోపల ఇంకో దారి పట్టి ఉండొచ్చు.

ఇప్పుడు ఇల్లంతా ఒకసారి తిరగాలి. ఇది పెస్ట్ కంట్రోల్ వాళ్లకి వదిలేసే పని కాదు, ఇంట్లో తిరిగే మనిషికే బాగా తెలుస్తుంది. ఒక టార్చి, ఒక స్క్రూడ్రైవర్ చాలు. టార్చిని గోడకి ఎదురుగా కాకుండా, గోడకి ఆనించినట్టు వాలుగా పట్టండి. ఉబ్బులూ గీతలూ నీడ వేసి కనిపిస్తాయి. స్క్రూడ్రైవర్ పిడితో గుమ్మం చెక్కను గడప నుంచి నడుము ఎత్తు దాకా, రెండు వైపులా, జానెడుకోసారి కొట్టుకుంటూ పోండి. గట్టి చెక్క శబ్దం ఒకలా ఉంటుంది, తిన్నచోట డొల్లగా వినిపిస్తుంది. రెండు మూడు చోట్ల కొట్టాక చెవికి తేడా పట్టేస్తుంది. డొల్ల వినిపించిన చోట మొన ఆనించి మెల్లగా నొక్కండి. చెద పైన రంగు పొర అలాగే ఉంచి లోపల తినేస్తుంది కాబట్టి, తిన్నచోట మొన ఆ పొరను చీల్చుకుని దిగబడిపోతుంది. లోపల చెక్క పొరలు పొరలుగా మిగిలి, మధ్యలో మట్టి అంటుకుని ఉంటే అది నేల చెద రాసిచ్చిన సంతకం.

గడప సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. శుక్రవారం శుక్రవారం కడిగి పసుపు పూస్తారు కదా, అడుగున నేలకి ఆనుకున్న చెక్క సరిగా ఆరదు. చెద అక్కడే మొదలవడం మామూలే. కడగడం మానక్కర్లేదు, కడిగాక పొడిగుడ్డతో ఒత్తి తుడిచి, తలుపు కాసేపు తెరిచి ఉంచండి. పసుపు రంగు కింద ఉబ్బు కనపడదు కాబట్టి గడపను కంటితో కాకుండా వేలితో తడిమి చూడండి.

తరవాత మనం ఎప్పుడూ కదపని చోట్లు చూడాలి. గోడకి ఆనించిన బీరువా వెనక భాగం, పాత క్యాలెండర్లు, పటాల వెనకలు, అటక మీది పుస్తకాల అట్టపెట్టెలు, మెట్ల కింద పడేసిన సెంట్రింగ్ చెక్కలు, సింకు కింద అలమర. సింకు కింద ఈమధ్య అందరూ పెట్టించే చెక్కపొట్టు పలకలు (పార్టికల్ బోర్డు) ఉంటాయే, అవి తడి తగిలాయంటే చెదకి వడ్డించినట్టే. స్విచ్ బోర్డుల అంచుల్లో మట్టి కనిపిస్తే చెద వైరింగ్ పైపుల్లోంచి పైకి ఎక్కుతోందని అర్థం. అది మీరు విప్పొద్దు, మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్ చేత విప్పించండి. పై అంతస్తుకీ అటక మీదికీ చెద చేరడానికి ఈ పైపులు పెద్ద దారి. చాలామంది కింద గోడలు మాత్రమే చూసి ఊరుకుంటారు.

బయట కూడా ఒక చుట్టు తిరగండి. బేస్‌మెంట్ గోడ పక్కన మట్టి గుట్టపడి ఇంటి నేల మట్టానికి దగ్గరగా వచ్చిందా, పూల మొక్కలకి పోసే నీళ్లు గోడ పునాదిలోకి ఇంకుతున్నాయా, కొబ్బరి మట్టలో కట్టెలో గోడకి ఆనించి ఉన్నాయా చూడండి. నల్లరేగడి నేల అయితే ఎండాకాలంలో గోడకీ నేలకీ మధ్య బీట పడుతుంది, ఆ బీటలోంచి మట్టి గీతలు లేస్తాయి. కొబ్బరి చెట్టు మొదట్లో మట్టి పొర కనిపించిందని మాత్రం హడలిపోకండి. ఎండిన బెరడు కోసం చెద అలా మట్టి కప్పుకోవడం తోటల్లో రోజూ కనిపించేదే. అది ఇంటి వైపు నడుస్తోందా లేదా అన్నదే మనకి కావాలి.

ఈ తిరుగుడులో కొన్ని తప్పుడు ఆనవాళ్లు కూడా ఎదురవుతాయి. మన సముద్రం పక్క ఊళ్లలో ఉప్పు నీళ్లు జాస్తి, గోడలకి ఉప్పు పట్టి రంగు బుడగలు బుడగలుగా లేస్తుంది. చెద పట్టినా రంగు అలాగే లేస్తుంది. గోటితో గీరి చూడండి. తెల్లటి పొడి రాలితే ఉప్పు, గోధుమ రంగు మట్టి కనిపిస్తే చెద. కిటికీ మూలల్లో, తలుపు వెనక ఉండలుగా కట్టిన మట్టి గూళ్లు కందిరీగలవి, వాటితో భయం లేదు. వానాకాలంలో తలుపు పట్టేస్తే కూడా చెదే అనుకోనక్కర్లేదు, చెక్క తడికి ఉబ్బుతుంది. వానలు పోయి ఫిబ్రవరి వచ్చినా తలుపు సరిగా పడకపోతే అప్పుడు అనుమానించాలి.

ఇక ఉసుళ్లు. చెదల్లో పెళ్లీడుకొచ్చిన ఆడా మగా పురుగులకు రెక్కలొచ్చి, వాన తడికి నేల మెత్తబడగానే గూటి నుంచి బయటికి ఎగురుతాయి. కాసేపు ఎగిరి, రెక్కలు రాల్చుకుని, జతలు జతలుగా మట్టిలో దూరి కొత్త గూడు మొదలుపెట్టాలని చూస్తాయి. వాటిలో బతికి బట్టకట్టేవి చాలా తక్కువ. బల్లులు, కప్పలు, పక్షులు, కోళ్లు అన్నీ వాటి మీద పడతాయి. పల్లెల్లో మనుషులు కూడా పట్టి, వేయించుకుని తింటారు. మన జిల్లాకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి ఈ రోజుల్లో లైటు చుట్టూ ఉసుళ్లు రాని ఇల్లే ఉండదు.

అందుకని లైటు దగ్గరికి వచ్చాయన్నది లెక్కలోకి రాదు. ఎక్కడి నుంచి వచ్చాయన్నదే ప్రశ్న. మీ రెక్కలు కిటికీ కింద దొరికాయన్నారు. ఆ సాయంత్రం కిటికీ తెరిచి ఉంటే బయటివే అయి ఉంటాయి. కిటికీలన్నీ మూసి ఉన్నా వచ్చాయంటే, వెలుతురు కోసం లోపలి నుంచి కిటికీ దాకా ఎగిరి అక్కడ రాలిపోయాయని అనుకోవాలి. గోడ బీటలోంచో, స్కర్టింగ్ సందులోంచో బయటికి వస్తుండగా చూస్తే ఇక మాట్లాడేదే లేదు, గూడు ఇంటి కిందే ఉంది, అదీ కొన్నేళ్ల పాత గూడు. పడుచు గూళ్లకి రెక్కల పురుగులు పుట్టవు. మూలల్లో సాలెగూళ్లు చూడండి, రెక్కలు వాటికి చిక్కుకుని రోజుల తరబడి ఉంటాయి. ఏ గది సాలెగూట్లో ఎక్కువ చిక్కుకున్నాయో చూస్తే అవి ఎటు నుంచి వచ్చాయో చెప్పొచ్చు.

ఒక్కోసారి రెక్కల చీమలు కూడా ఇలాగే వస్తాయి. ఒకదాన్ని తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. ఉసుళ్లకి నాలుగు రెక్కలూ ఒకే పొడవు, ఒంటి కంటే బాగా పొడుగు. నడుము సన్నగా ఉండదు, మీసాలు తిన్నగా ఉంటాయి. చీమకి ముందు రెక్కలు పొడుగు, వెనకవి పొట్టి, నడుము నొక్కేసినట్టు సన్నగా, మీసాలు మోచేయిలా వంగి ఉంటాయి. గుట్టగా రాలిన రెక్కలన్నీ ఒకే సైజులో ఉంటే ఉసుళ్లవే.

మంచం కథ వేరు. దాని కింద నల్ల గుడ్డ గానీ నల్ల కాగితం గానీ ఒక రాత్రి పరిచి, తెల్లారి రాలినదాన్ని వేళ్ల మధ్య నలిపి చూడండి. మైదాలా మెత్తగా ఉండి, చెక్క మీద గుండుసూది గుచ్చినంత గుండ్రటి బెజ్జాలు కనిపిస్తే అది పుచ్చు. పుచ్చు పురుగు చెక్కలోనే గుడ్డు నుంచి పెరిగి, రెక్కలొచ్చాక బెజ్జం చేసుకుని బయటికి పోతుంది. మామిడి చెక్క, వెదురు దానికి బాగా ఇష్టం. నలిపితే గరుకుగా, గసగసాల గింజల్లా ఒకే సైజు పలుకులుగా తగిలితే మాత్రం అది పొడి చెక్కలో బతికే చెద. భూతద్దంలో చూస్తే ఆ పలుకులకి ఆరు పక్కలుంటాయి. ఈ రకం చెదకి మట్టితో పనిలేదు, తడితో పనిలేదు, మట్టి గీతలు కట్టదు. కాపురమంతా ఆ చెక్కలోనే. సముద్రం పక్క ఊళ్లలో ఇది ఎక్కువ.

రెండింటిలో ఏదైనా సరే, నేలలో మందు పోస్తే మంచానికి ఒరిగేది ఏమీ లేదు. కాబట్టి "మంచం కూడా అందులోనే" అన్నప్పుడు అతను ఏం చేస్తాడో అడగండి. మంచానికి పైపైన స్ప్రే కొట్టడం పని కాదు. బెజ్జాల్లోకి సిరంజితో మందు ఎక్కించి, మైనంతో మూసి, కొన్ని నెలలు పొడి రాలుతుందో లేదో చూడాలి. పాత మామిడి చెక్క మంచమైతే అంత శ్రమ కూడా దండగ, తీసి బయట పెట్టేయండి. మామగారి జ్ఞాపకమో, మంచి టేకో అయితే ఆ మాట వేరు. ఏం తేల్చుకున్నా సరే, ఆ పని జరిగేదాకా పాపను ఆ మంచం మీద పడుకోబెట్టకండి. పట్టె చెక్క ఎంత మిగిలిందో పైకి తెలీదు, బరువుకి విరగొచ్చు.

కిరసనాయిలు విషయంలో మీ ఆయనకి గట్టిగా చెప్పండి. తగిలిన పురుగులు చస్తాయి, వాసన ఉన్నన్నాళ్లు మిగతావి అటు రావు, ఇంకో మూలన లేస్తాయి. అప్పుడు ఒక గీత ఉన్నచోట రెండు దారులవుతాయి. అదొక ఎత్తు. కార్తీక మాసంలో రోజూ దీపం పెట్టే గదిలో, చెక్క గుమ్మానికి కిరసనాయిలు పట్టించడమేంటి? పాడైన ఇంజన్ ఆయిలు, ఉప్పునీళ్లు, వేపనూనె కూడా ఈ కోవలోవే. వేపనూనె ప్రమాదం కాదు, దాంతో గూడు చావదు, అంతే.

బాత్‌రూమ్ గురించి మీరు ఒక్క ముక్కలో రాశారు, నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే. నేల చెదకి తిండి ఎంత అవసరమో తడి అంత అవసరం. ఇల్లంతా వదిలి, దీపాలతో వెచ్చగా ఉండే పూజగది దగ్గరే అది ఎందుకు లేచింది? గోడ అవతల నేల ఎప్పుడూ తడిగా ఉంటోంది కాబట్టి. ఇరవై రెండేళ్ల బాత్‌రూమ్‌లో నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు బయటికి పోయే జాలీ గొట్టం) చుట్టూ సిమెంటు వదులై, పోసిన నీళ్లలో కొంత నేలలోకే పోతుండొచ్చు. గోడలో పైపు జాయింటు కారుతుండొచ్చు. ఓవర్‌హెడ్ ట్యాంకు నింపి, రాత్రి ఎవరూ నీళ్లు వాడకుండా గుర్తు పెట్టి, పొద్దున్నే మట్టం చూడండి. తగ్గితే పైపు కారుతోంది. తగ్గకపోతే ట్రాప్, టైల్స్ సందులు చూపించాలి. ప్లంబర్ పని ముందు, పెస్ట్ కంట్రోల్ తరవాత. తడి అలాగే ఉంచి మందు పోస్తే, ఆ కారే నీళ్లే మందుని కడుక్కుపోతాయి.

ఇప్పుడు నలభై వేల సంగతి. ఎక్కువో తక్కువో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, కానీ అతను చేసేది పనో కాదో మీరే లెక్క కట్టుకోవచ్చు. కట్టిన ఇళ్లకి చెద మందు ఎలా వేయాలో మన దేశంలో ఐఎస్ 6313 అనే ప్రమాణం మూడో భాగంలో రాసి ఉంది. గోడ నేలని కలిసే చోట, గది చుట్టూ 300 మిల్లీమీటర్లకి, అంటే దాదాపు అడుగుకొకటి చొప్పున, 12 మిల్లీమీటర్ల బెజ్జం వేసి, ఇక పీల్చుకోనంత వరకు మందు నీళ్లు పోయాలి, బెజ్జానికి లీటరు దాటకుండా. పన్నెండు అడుగులు, పది అడుగుల గది తీసుకోండి. చుట్టుకొలత 44 అడుగులు. తలుపు చోటు వదిలేసినా నలభై బెజ్జాలు, నలభై లీటర్ల దాకా మందు నీళ్లు. అయిదు గదుల ఇంటికి ఎంత కావాలో చూడండి. చేతి పంపుతో పది లీటర్లు తెచ్చి గంటలో ముగించి వెళ్లేవాడు మీ నేలకి మందు వేయలేదు, గోడలకి వాసన పూశాడు. ఆ పనికి నాలుగు వేలిచ్చినా ఎక్కువే.

బేరం ఆడేముందు అడగాల్సినవి అడగండి. ఏ మందు, ఎంత శాతం, బెజ్జాలు ఎంత దూరంలో, గుమ్మం చెక్కకి విడిగా ఏం చేస్తారు. డబ్బా సీలు మీ ముందే తీయాలి, మందు కలపడం కూడా మీ ముందే జరగాలి. ఇళ్లలో ఈ పని చేసేవాళ్లకి పురుగుమందుల చట్టం కింద లైసెన్సు ఉండాలి, అది చూపించమనండి. ఆల్డ్రిన్, క్లోర్డేన్ లాంటి పాత మందుల పేర్లు ఎవరైనా గొప్పగా చెబితే పంపించేయండి, అవి నిషేధించినవి. చాలామంది క్లోర్‌పైరిఫాస్ వాడతారు, 20 శాతం మందు లీటరుకి 19 లీటర్ల నీళ్లు కలిపితే ఒక శాతం ద్రావణం అవుతుంది. పని చేస్తుంది, కానీ వాసన ఘాటు, నరాల మీద పనిచేసే మందు. నేలమీద పారాడే పాప ఉన్న ఇంట్లో నేనైతే దాన్ని ఒప్పుకోను. దాని బదులు ఇమిడాక్లోప్రిడ్ అనే మందు అడగండి. వాసన తక్కువ, పైగా చెద దాన్ని పసిగట్టలేక అందులోంచే నడిచి, ఒంటికి అంటించుకుని తోటి పురుగులకి కూడా పూస్తుంది. ఫలితం కొంచెం నెమ్మదిగా కనిపిస్తుంది, మర్నాడే గుట్టలుగా చావలేదని గొడవ పడొద్దు.

బెజ్జాలు వేసేముందు నీళ్ల పైపులు, కరెంటు పైపులు ఎటు పోతున్నాయో చూపించండి. నీళ్ల సంపు, బావి, బోరు ఎక్కడున్నాయో తప్పనిసరిగా చెప్పండి, వాటి పక్కన మందు పోయనివ్వొద్దు. ఆ రోజు పాపనీ, అత్తగారినీ చుట్టాలింటికి పంపండి. బెజ్జాలు తెల్ల సిమెంటుతో మూసి, నేల రెండుసార్లు తుడిచి, గదులకి గాలి బాగా ఆడాకే తీసుకురండి.

వారంటీ కాగితం మీద రాయించుకోండి. లైఫ్‌టైమ్ అనే మాట నేను నమ్మను. మట్టిలో మందు ఏళ్ల మీద బలం తగ్గుతుంది, అది ఎవరి చేతిలోనూ లేదు. ఫలానా ఏడాది దాకా చెద మళ్లీ కనిపిస్తే డబ్బు తీసుకోకుండా వచ్చి చేస్తాం, ఏడాదికి ఒకసారి చూసిపోతాం అని ఉంటే చాలు.

వడ్రంగి చెప్పినట్టు ముందు గుమ్మం మార్చడం మాత్రం వద్దు. నేల చెద అలాగే ఉండగా కొత్త చెక్క పెట్టడమంటే దానికి కొత్త కంచం పెట్టడమే. బాత్‌రూమ్ కారుడు ఆపి, నేలకి మందు వేయించి, ఒక రెండు మూడు నెలలు గీతలు లేవలేదని చూసుకున్నాక మార్చండి. గుమ్మం ఎంత పోయిందో కూడా స్క్రూడ్రైవరే చెబుతుంది. అడుగున జానెడు మేర మాత్రమే డొల్లగా ఉంటే అంతవరకు కోసి అతుకు వేయొచ్చు. మార్చక తప్పకపోతే టేకు అన్నారని మురిసిపోకండి. టేకులో చెదకి తట్టుకునేది చేవ, అంటే నడిమి ముదురు చెక్క, మాత్రమే, బెరడు పక్కనుండే తెల్ల చెక్కని చెద చక్కగా తింటుంది. అంచుల్లో తెల్ల గీతలున్న చెక్క వద్దనండి. నన్నడిగితే బాత్‌రూమ్ గోడకి ఆనుకున్న ఆ గుమ్మానికి రాయి మేలు. చీమకుర్తి మనకి ఎంతో దూరం లేదు, గ్రానైట్ గుమ్మాలు ఇప్పుడు ఊరూరా పెడుతున్నారు. తలుపు రెక్క చెక్కది ఉండనివ్వండి. పూజగదికి చెక్క గడపే కావాలని అత్తగారు అంటే, రాతి గడప మీద పసుపు ఇంకా బాగా నిలుస్తుందని చెప్పి చూడండి.

ఇవన్నీ జరిగే లోపల, ఈరోజే చేయాల్సింది ఒకటుంది. ఇంట్లో కాగితాలు ఎక్కడున్నాయో చూడండి. ఇంటి దస్తావేజు, పాసుపుస్తకాలు, సర్టిఫికెట్లు, ట్రంకు పెట్టెలో దాచిన నోట్లు. ఇనప బీరువాలో ఉన్నాయి కదా అని ధీమా వద్దు, గోడకి ఆని ఉంటే వెనక సందులోంచి లోపలికి పోతుంది. 2021లో కృష్ణా జిల్లా మైలవరంలో ఒక కుటుంబం ట్రంకు పెట్టెలో దాచుకున్న లక్షల రూపాయల నోట్లు చెద తినేసిన వార్త మీరూ చూసే ఉంటారు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, యాభై రూపాయలు అంతకు మించిన నోట్లలో ఒకే ముక్కగా 80 శాతం కంటే ఎక్కువ మిగిలితేనే పూర్తి డబ్బు, 40 నుంచి 80 శాతం దాకా ఉంటే సగం, 40 కంటే తగ్గితే ఏమీ రాదు. దస్తావేజు పాడైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసుకోవచ్చు కాబట్టి దాని నంబరు, ఏడాది ఇంకోచోట రాసి పెట్టుకోండి. బీరువాని గోడ నుంచి నాలుగు వేళ్ల దూరం జరపండి. కాగితాలు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని నెలకోసారి తెరిచి చూడండి.

మందు వేయించాక కూడా పెన్సిల్ గుర్తులు చెరపొద్దు. నెలకోసారి అవే చోట్లు టార్చి వేసి చూడండి. నెల దాటాక ఎక్కడైనా తడి మట్టితో కొత్త గీత లేస్తే, వారంటీ కాగితం తీసి ఫోన్ చేయండి. అప్పుడు ఇల్లంతా మళ్లీ తవ్వాల్సిన పనిలేదు, ఆ గోడకి రెండు వైపులా బెజ్జాలు వేసి మందు పోస్తే సరిపోతుంది.